చిటికెన వేలంత దారి

బడిలో నన్ను వాగుడుకాయ అనేవాళ్ళు. పదేళ్ళప్పుడు ఆ పేరు నిలబెట్టుకోవడానికి నేనన్న ఒక్క మాట మా దాదా గొంతుకు అడ్డం పడింది. మొన్న నెల్లూరు ఆసుపత్రిలో, మా బావమరిదికి అన్నవాహికలో క్యాన్సరని తేలి మెతుకు దిగకుండా పోతే, ఒక కుర్ర డాక్టరు సన్నటి తీగలతో అల్లిన జాలీ గొట్టం ఒకటి నా అరచేతిలో పెట్టాడు. "దీన్ని స్టెంటంటారు. లోపలికి పోయినాక విచ్చుకుంటాది. రోగం పోదుగానీ మింగగలుగుతాడు. పెద్ద ముద్దలు పెట్టొద్దు, తిన్నాక కాస్త సోడా తాపండి" అన్నాడు. సోడా అనగానే ఆత్మకూరు బస్టాండులో గోళీసోడా ఘాటు ముక్కుకెక్కింది, దాని వెనకాలే నలభై ఏళ్ళ కోపమూ ఎక్కింది.

దాదా అంటే బయట రౌడీ, మా ఇళ్ళల్లో తాత. మా దాదా ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే మనిషి. ఎండాకాలం దుర్గం బండలు పెనంలా కాలేటప్పుడు కూడా పంచలో గోనెపట్ట మీద కూర్చుని, కాలి బొటనవేలితో కొయ్యను అదిమిపట్టి, బీడీ ఆర్పి చెవిలో దోపుకుని, ఉలితో చేప తోకనో పూలతీగనో తీస్తుంటే, పచ్చికొయ్య పొట్టు వాసనా, జేజి వంటింట్లో సంగటి కెలికే వాసనా కలిసిపోయేవి. పనికిరాని ముక్కలతో మేం బొంగరాలు చేసుకునేవాళ్ళం. ఊరికంతా చెంచాలు చేసిపెట్టిన దాదా మాత్రం ఒక్కరోజూ చెంచాతో తినలేదు.

మా వైపు సంగటిని నమిలితే నవ్వుతారు. ముద్ద పులుసులో ముంచి, గుటుక్కున మింగాలి. పీర్ల పండగనాడు ఊరి పెద్దరైతు అందరికీ తన ఇంటి ముందర భోజనం పెట్టి, పందెం కట్టించేవాడు. కోడిగుడ్డు కంటే పెద్ద ముద్దను మంచినీళ్ళలా దించుకునే మా దాదాను చూపించి, "సాయిబుది గొంతు గాదురా, గాదె" అని మురిసేవాడు.

ఆ గాదె మూతపడింది. మొదట సంగటి, తర్వాత అన్నం, ఆఖరికి గంజి కూడా ఎదురుతన్నింది. అబ్బాజాన్ మద్రాసుకు తీసుకుపోతే, అక్కడి పెద్దాసుపత్రిలో క్యాన్సరు పుండు మధ్యలోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం దించి పంపించారు. ఇంటికొచ్చిన దాదా నా చిటికెన వేలు పట్టుకుని, "ఇంతేనంటరా నా గొంతు ఇప్పుడు. దీనికి మించింది పోగూడదంట" అన్నాడు. ఆ సాయంత్రమే ఉలి పట్టి, నా వేలు కొలత పెట్టి, తనకోసం మొదటిసారి ఒక బుజ్జి చెంచా చెక్కుకున్నాడు. దాంతో మెత్తటి అన్నం తిని, సోడా గుటక వేసి, త్రేన్పు వస్తే రాజ్యం వచ్చినట్టు నవ్వేవాడు.

ఆ ఏడు పీర్ల పండగకు దాదా ఆ చెంచా జేబులో పెట్టుకునే వచ్చాడు. పెద్దరైతు చూసి, "ఏంది సాయిబూ, పసిబిడ్డోళ్ళ మాదిరి చెంచానా? గొట్టం ఏసుకున్నోడు ఇంక మొగోడేందిలే!" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. నాకు రోషం పొడుచుకొచ్చింది.

"మా దాదా ఇప్పుడు గూడా మింగతాడు! గొట్టం నున్నగా ఉండాది, సర్రున జారిపోతాది!"

"అట్నా? అయితే మింగమను, జూస్తాం" అన్నాడు పెద్దరైతు.

దాదా నావైపు చూశాడు. ఆ చూపులో తిట్టు ఉన్నా బాగుండేది. "నా మనవడు అబద్ధం చెప్పినాడు అనిపించుకోకూడదు గదా" అని, ముద్ద ఎత్తి మింగాడు.

అది గొట్టంలో ఇరుక్కుంది. కళ్ళు ఎర్రబడి, నోట్లోంచి చొంగ ధారగా కారిపోతుంటే, పెద్దరైతు "నీళ్ళు తాపండ్రా" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. గుమ్మం ముందర ఆయన జీపు ఉంది. డ్రైవరు అన్నం తింటున్నాడన్నారు. మేం బస్సెక్కాం. ఆత్మకూరులో అబ్బాజాన్ మూడు సోడాలు కొట్టించి గుక్క గుక్క తాపినా ముద్ద కదల్లేదు. మద్రాసులో చూస్తే గొట్టమే పక్కకు జారిపోయిందన్నారు. తీసేశారు, మళ్ళీ వెయ్యడానికి కుదరదన్నారు. మరుసటి పీర్ల పండగకు దాదా లేడు. బుజ్జి చెంచా నాకు మిగిలింది.

ఇప్పుడు దుర్గం కొండమీద ఆ చెంచాల కొయ్యే కరువు. గోళీసోడా బండి పోయింది, సంగటి పందేలూ పోయాయి. పోనిది ఒకటుంది, చెప్పి ఊరుకుంటాను. నేను పదో తరగతి తప్పి, ఉలి పట్టి నాలుగేళ్ళు తిరిగేసరికి పెద్దరైతు ఏదో పదవికి గెలిచాడు. ఆత్మకూరులో సన్మానమని ఆయన చెంచాలు వచ్చి నా దగ్గర ఒక పెద్ద చెంచా చేయించుకున్నారు. కాడకు పూలతీగ, కొసన చేప. అంత మంచి పని నేను మళ్ళీ చెయ్యలేదు. గుంట నడిమధ్యన దాదా చెంచా కొలతకు ఒక చిల్లు తీసి, తేనెమైనంలో కొయ్యపొడి కలిపి పూడ్చి, మెరుగు పెట్టాను. వేదిక మీద ఆ చెంచాతోనే ఆయనకు వేడి వేడి పాయసం అందించారు. చప్పట్లయ్యేదాకా ఆయన దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. మైనం కరిగింది. నోటిదాకా వచ్చిన పాయసం నోట్లోకి పోకుండా తెల్ల ఖద్దరు చొక్కా మీదుగా బొడ్డుదాకా ధారగా కారింది.

"ఏందిరా ఈ చిల్లు?" అని అందరిముందూ అరిచాడు.

ముందు వరసలోంచి లేచి చెప్పాను: "చిల్లు గాదు సామీ, మా దాదా గొంతు. మింగండి, జూస్తాం."