రెండు నగరాలను కొలిచిన టేపు బాబాయి

టేపు బాబాయి దేన్నీ కొలవకుండా నమ్మడు. సాక్షాత్తూ దేవుడే ఎదురుగా వచ్చి వరం ఇస్తానన్నా, "ముందు కాస్త ఆ గోడకి ఆనుకుని నిలబడండి స్వామీ" అని జేబులోంచి టేపు తీసే రకం. ఇళ్ళ సామాను ఊళ్ళు దాటించే కంపెనీలో ముప్పై ఏళ్ళుగా ఆయనది కొలతల ఉద్యోగం. ఎవరైనా ఇల్లు మారుతున్నారంటే ఈయన ముందే వెళ్ళి బీరువా ఎంత, మంచం ఎంత, వాకిలి ఎంత అని రాసుకొస్తాడు. ఆ తర్వాతే లారీ కదులుతుంది. ఆఫీసులో కొలిచి ఊరుకుంటే ఎవరికీ బాధ లేకపోయేది. ఈయన ఇంటికొచ్చి కూడా కొలుస్తాడు.

ఒకసారి ఎవరో స్నేహితుడు భోజనానికి పిలిచి, "మొహమాటపడకండి, కాళ్ళు చాపుకుని కూర్చోండి" అన్నాడు. బాబాయి టేపు తీసి సోఫాకీ ఎదురు బల్లకీ మధ్య చోటు కొలిచి, "చాపలేనండీ, నాలుగంగుళాలు తక్కువ" అన్నాడు. ఆ స్నేహితుడు మళ్ళీ పిలవలేదు. ఇంకోసారి ఆసుపత్రిలో ఎత్తు చూసే స్కేలు అరంగుళం తప్పు చూపిస్తోందని గొడవకు దిగాడు. మేకు పీకి, సరిచేసి కొట్టి మరీ ఇంటికొచ్చాడు. ఏ జబ్బుకి వెళ్ళాడో అది మాత్రం డాక్టరుకి చెప్పడం మరిచిపోయాడు.

ఇదంతా చూసి, పడి, నవ్వి, చివరికి తల గోడకేసి కొట్టుకునే దాకా వచ్చింది ఆయన అన్నగారమ్మాయి. మూడేళ్ళుగా బాబాయి ఇంట్లోనే ఉంటూ, ఆ ఊరి ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తోంది. బాబాయి ఆమెను "చెవుల డాక్టరమ్మా" అంటాడు. డాక్టరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ అమ్మాయికి ఒకే వారంలో రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి రాజధానిలో, మహా పెద్ద ఆసుపత్రి. పేరు, హోదా, చెప్పుకోవడానికి గొప్ప. రెండోది రేవు నగరంలో, పిల్లల వినికిడి కేంద్రం. పనిచేసేది నలుగురే, కానీ ఆ విద్యలో పండిపోయిన ఒక పెద్దావిడ దగ్గరుండి నేర్పిస్తుంది. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల రెండు చోట్లకీ జవాబు చెప్పాలి. వాళ్ళ నాన్న ఫోనులో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు, రాజధాని తప్ప ఇంకో మాట వద్దని. ఆమె మనసు ఎటుందో ఆమెను అడిగినవాడు లేడు. అడిగినా ఆమె పైకి చెప్పేలా లేదు.

సోమవారం పొద్దున్న పోయి పోయి బాబాయినే అడిగింది.

"బాబాయ్, రాజధానా, రేవు నగరమా?"

"రాజధానిలో గది ఎంత?"

"గది ఇంకా చూసుకోలేదు."

"మరి దేన్ని బట్టి చెప్పమంటావ్?"

"ఉద్యోగాన్ని బట్టి!"

"ఉద్యోగంలో పడుకుంటావా?"

డాక్టరమ్మ పళ్ళు నూరింది. బాబాయి పట్టించుకోకుండా నగరాల మీద తన అక్కసంతా వెళ్ళగక్కాడు.

"వెళ్ళేటప్పుడు సామాను చూసేదీ నేనే, తిరిగొచ్చేటప్పుడు మనుషుల్ని చూసేదీ నేనే. ఒక కుర్రాడు పదకొండు పెట్టెలతో రాజధాని వెళ్ళాడు. మూడేళ్ళకి రెండు సంచులతో వచ్చాడు. మిగతావేవయ్యా అంటే, గదిలో పట్టలేదండీ అన్నాడు. పుస్తకాలు పట్టలేదు, వీణ పట్టలేదు, చివరికి వాడే పట్టలేదు."

"సరే, రేవు నగరం?"

"అక్కడ ఇనప బీరువా రెండేళ్ళకి తుప్పు పడుతుంది. నువ్వు బీరువా కంటే గట్టిదానివా?"

సాయంత్రం ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికి బాబాయి ఆమె గదిలో బోర్లా పడుకుని ట్రంకుపెట్టె కింది అంచు కొలుస్తున్నాడు.

"నేనింకా ఎక్కడికీ వెళ్ళట్లేదు బాబాయ్!"

"వెళ్ళాక కొలుద్దామంటే పెట్టె ఇక్కడుండదుగా."

అరికాలి మంట నెత్తికెక్కి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ పిన్ని నవ్వుతూ పాత సంగతొకటి చెప్పింది. "ఆయనకీ ఇరవై ఆరేళ్ళప్పుడు సరిగ్గా ఇలాగే ఆ రెండు ఊళ్ళ నుంచీ పిలుపొచ్చిందే. గదులెంత, ఆఫీసెంత దూరం అని ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. ఆ కొలతలేవో వచ్చేసరికి రెండు చోట్లా వేరేవాళ్ళు చేరిపోయారు. అప్పుడు ఈ కంపెనీలో కొలతలవాడు కావాలన్నారు. ఇంకేం, ఎగిరి గంతేశాడు."

పిన్ని నవ్వింది గానీ డాక్టరమ్మకి నవ్వు రాలేదు. తను కూడా ఇలాగే చూస్తూ చూస్తూ రెండూ పోగొట్టుకుంటుందేమోనని మొదటిసారి నిజంగా భయం వేసింది.

మంగళవారం పొద్దున్న లేచేసరికి బాబాయి ఇంట్లో లేడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా లారీ ఎక్కని మనిషి, కంపెనీ లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళాడట.

"ఎక్కడికి పిన్నీ?"

"చెప్తే కదా! కొలిచి నాలుగు జతల బట్టలు పెట్టుకున్నాడు, పోయాడు."

తన జీవితం నిప్పుల మీద ఉంటే ఈయనకి షికార్లు కావాల్సొచ్చాయని ఆ అమ్మాయి మూడు రోజులు కుతకుతలాడింది. ఆసుపత్రి మేడ మీద నిలబడి రాజధానికి సరేనందామనుకునేది. మెట్లు దిగేలోపు మనసు మారేది. రేవు నగరం పెద్దావిడకి ఉత్తరం మొదలుపెట్టేది, నాన్న గొంతు గుర్తొచ్చి చించేసేది. ఎవరైనా ఒక్కరు గట్టిగా ఔననో కాదనో అంటే ప్రాణం తెరిపిన పడేది. అనేవాడు లారీ ఎక్కి పోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం బాబాయి దిగాడు. నడుం వంగిపోయింది, తలంతా దుమ్ము. మంచినీళ్ళు కూడా తాగకుండా, టేపు బల్ల మీద పడేసి కొలతల పుస్తకం తెరిచాడు.

"రాజధాని. నీ స్తోమతకి దొరికే గది. అక్కణ్ణుంచి ఆసుపత్రికి బస్సులో నలభై నిమిషాలు, పైన పన్నెండు నిమిషాలు నడక. తొమ్మిదడుగులకి ఏడున్నర. కిటికీ తీస్తే పక్కింటి గోడ. మధ్యలో పదమూడంగుళాలు, పిల్లి కూడా ఆలోచించుకుని దూరుతుంది."

డాక్టరమ్మ నోరు వెళ్ళబెట్టింది.

"రేవు నగరం. పదిన్నరకి తొమ్మిది. లిఫ్టు లేదు, ఎనభై ఆరు మెట్లు. గోడలకి చెమ్మ."

"కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా?"

"చేపల గిడ్డంగి కనిపిస్తుంది. కనిపించడమే కాదు."

"అయితే రెండిట్లో ఏది మంచిది?"

"రెండూ మంచివి కావు."

అంతే, వారం రోజుల కోపం ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. "రేపు పన్నెండింటికి రెండూ చెయ్యి జారిపోతాయి బాబాయ్! అప్పుడు నీకు తృప్తిగా ఉంటుందా? నేనూ ఇక్కడే పడి ఉండి, జన్మంతా పక్కవాళ్ళ బీరువాలు కొలుచుకుంటూ బతకనా, నీలాగా?"

పిన్ని చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. అన్న తర్వాత ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది గానీ, నోరు జారిన మాట జారిపోయింది. బాబాయి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అలా బతక్కూడదనే వెళ్ళొచ్చానమ్మా" అన్నాడు. "నేనప్పుడు ఇంట్లో కూర్చుని ఉత్తరాలు రాశాను. లేచి వెళ్ళి చూసి ఉంటే ఒక్క రోజు పని. ఆ మాట నీకు చెప్పడానికి సిగ్గేసి, నేనే వెళ్ళొచ్చాను."

ఆయనే పుస్తకంలో ఇంకో పేజీ తిప్పాడు.

"గదులొక్కటే కాదు, నువ్వు పనిచేసే చోట్లు కూడా చూశాను. రెండు చోట్లా చెవులు చూపించుకున్నాను."

"ఏమిటీ?"

"పేషెంటుగా వెళ్ళి వరసలో కూర్చున్నా. రాజధానిలో నాకు పట్టింది ఆరు నిమిషాలు. నీ ఈడు పిల్లే, నేను కూర్చున్న గంటలో తొమ్మిది మందిని చూసింది. తల ఎత్తలేదు. ఆ పిల్ల తప్పు కాదు, తలెత్తితే పదోవాడికి ఆలస్యం. పాపం ఎప్పటి టీయో, పక్కనే మీగడ కట్టి ఉంది."

"మరి రేవు నగరంలో?"

"పిల్లల చోటు, పెద్దవాళ్ళని చూడం అన్నారు. వాకిట్లో కూర్చుని కదలనన్నా. చివరికి ఆ పెద్దావిడే లోపలికి రమ్మంది. నలభై నిమిషాలు! ఆవిడ గది కొలుద్దామని టేపు తీస్తే లాక్కుని సొరుగులో పడేసింది. పరీక్ష అయ్యాకే ఇచ్చింది. నా జన్మలో ఎవరూ నాకలా చెయ్యలేదు."

"కోపం వచ్చిందా?"

"గౌరవం వచ్చింది. తర్వాత తన దగ్గర నేర్చుకునే పిల్లని పిలిచి, మళ్ళీ నువ్వు చెయ్యవే అని కూర్చోబెట్టింది. అది తప్పు చేస్తే తిట్టింది, బాగా చేస్తే అదీ చెప్పింది. అంత చిన్న గదిలో ఆ పిల్ల ఎంత హాయిగా కూర్చుందో!"

డాక్టరమ్మకి అప్పుడు తట్టింది. "ఏ ఇబ్బందీ లేకుండా ఊరికే పరీక్ష చెయ్యరే. ఏం చెప్పావు వాళ్ళకి?"

బాబాయి నేల చూపులు చూస్తూ రెండు కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు. అలాంటివి ఆమె రోజుకి ఇరవై చూస్తుంది. రెండింటిలోనూ ఒకటే గీత. కుడి చెవి పరవాలేదు. ఎడమ చెవి సగానికి పైగా పోయింది. నిన్నా మొన్నా పోయింది కాదు, పదేళ్ళ నాటి సంగతి. లారీ ఇంజన్ల పక్కన నిలబడి పోగొట్టుకున్నది.

ఆమెకి ఏడుపొచ్చింది. "మూడేళ్ళు ఊళ్ళోవాళ్ళందరి చెవులూ చూశాను. ఒకే ఇంట్లో ఉండి నీ చెవి చూడలేదు బాబాయ్."

"నేను చూపిస్తే కదా. ఇంటికొచ్చేసరికే అలిసిపోయి ఉంటావు, మళ్ళీ ఇంకో చెవి ఎందుకులే అని."

పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే ఇన్నేళ్ళూ నేను పిలిస్తే పలక్కపోవడం దీనివల్లా?"

"కాదు. అది కుడి చెవితో బాగానే విని పలకనిది."

డాక్టరమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. కళ్ళు తుడుచుకుని అక్కడే కూర్చుని రేవు నగరం పెద్దావిడకి వస్తున్నానని ఫోనులోనే నాలుగు ముక్కలు రాసి పంపించింది. రాజధానికి క్షమించమని రాసింది. మొదటి రోజు నుంచీ తన మనసు రేవు నగరంలోనే ఉంది, ఎవరో ఒకరు సరే అనాలని వారం రోజులు అందర్నీ అడుగుతూ తిరిగింది. నాన్నకి కూడా ఫోను చేసి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఆయన ఒంటికాలి మీద లేచాడు. లేవనీ అనుకుని పెట్టేసింది.

"నిర్ణయం అయిపోయిందిగా? అయితే ఇందులో ఒకటి రద్దు చేయించు" అని బాబాయి చొక్కా జేబులోంచి రెండు చీటీలు తీశాడు. ఆయన చెవిని ఆర్నెల్లకోసారి చూపించుకోవాలట. ఒకటి రాజధాని ఆసుపత్రి చీటీ, రెండోది రేవు నగరానిది. రెండింటి మీదా ఆర్నెల్ల తర్వాత ఒకే తేదీ, ఒకే వేళ.

"ఇంత కొలతల మనిషివి, ఒకే రోజు రెండు ఊళ్ళలో ఎలా ఉందామనుకున్నావ్?"

"రెండిట్లో ఎందుకుంటాను? నువ్వున్న ఊళ్ళో ఉంటాను" అన్నాడు బాబాయి.