నా పడవలోకి రాని బంతులు

ఐర్లండ్‌లో మా కిల్వారా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ మైదానాన్ని చుట్టుకుని నది వంపు తిరుగుతుంది. గోడ దాటి నీళ్లలో పడ్డ బంతుల్ని పడవలో వెళ్లి ఏరుకొచ్చే పని ఇరవై రెండేళ్లుగా నాదే. జీతం లేదు, టీ ఇస్తారు. అక్కణ్ణుంచి ఆట కనబడదు. అయినా ఊళ్లో ఆట గురించి నా అంత మాట్లాడేవాడు లేడు.

ఈ ఏడు ఫిబ్రవరి నుంచి నాకు ఊపిరాడలేదు. మా జట్టు కుర్రాడు ఫీక్రా గోల్‌కని కొట్టిన ప్రతి బంతీ నేరుగా నా దగ్గరికే వచ్చేది. ప్రీమియర్ డివిజన్‌లో అట్టడుగుకు చేరాం. ఆఖరి ఆట గెలవకపోతే కింది డివిజన్‌కే.

ఆ ఆట రోజు, శుక్రవారం సాయంత్రం, ఒక్క బంతీ రాలేదు. గోడ వెనక అరుపులైతే వినిపించాయి గానీ, రెఫరీని తిట్టేటప్పుడూ మావాళ్లు అలాగే అరుస్తారు. "సన్నాసులు! గోల్‌కి కొట్టే ప్రయత్నమైనా చెయ్యట్లేదు" అని తిట్టుకుని, టీ కూడా తాగకుండా ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే రొట్టెల కొట్టు దగ్గర ఫీక్రా కనబడితే జాలిపడి భుజం తట్టాను.

"బాధపడకురా. కింది డివిజన్‌లోనూ మనుషులే ఆడతారు."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "మాలకీ బాబాయ్, నిన్న నేను నాలుగు గోల్స్ కొట్టాను. గెలిచాం!"

"మరి నా దగ్గరికి ఒక్క బంతైనా రాలేదేం?" అని గద్దించాను.

"లోపల వల ఒకటుంటుంది బాబాయ్. నువ్వెప్పుడూ చూడలేదుగా."