నవారు తలపట్టీ

మా ఇంట్లో గుర్రమంటే పెళ్లి ఊరేగింపు. విజయవాడలో మా అబ్బా ముప్ఫై ఏళ్లు పెళ్లికొడుకులను గుర్రమెక్కించి నడిపించాడు. ఆయన మోకాళ్లు అరిగిపోయాక మా తెల్ల గుర్రాన్ని పట్టుకుని నడిచే పని నా మీద పడింది. ఆడపిల్ల గుర్రం పట్టడమేంటని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ అనుకున్నాను.

మొదటి వారంలోనే దాని నోరు తెరిచి చూశాను. నాలుక పక్కన కోత, పెదవి మూలల్లో పుండ్లు. మేం వాడేది ముళ్ల కళ్లెం. పగ్గం లాగితే ముళ్లు లోపల గుచ్చుకుంటాయి. ఆ నొప్పికి గుర్రం మెడ వంచి కాళ్లెత్తి తొక్కుతుంది. జనం దాన్ని డ్యాన్స్ అంటారు, వీడియోలు తీస్తారు. నాకు ఒళ్లు మండింది. ఇక దీని నోట్లో ఇనుము పెట్టనని చెప్పేశాను.

"టపాకాయలు పేలితే దేంతో ఆపుతావు బేటీ?" అన్నాడు అబ్బా.

నోట్లోకి ఏమీ పోకుండా ముఖానికి మాత్రమే తగిలించే తలపట్టీ కోసం గవర్నర్‌పేటంతా తిరిగాను. చివరికి పశువుల తాళ్లు అమ్మే కొట్లో నైలాన్‌ది దొరికింది. "దూడకైనా గుర్రానికైనా ఒకటేనండీ" అన్నాడు కొట్టాయన. బుద్ధిలేక నమ్మాను. దూడ ముఖం పొట్టి. ముక్కు పట్టీ పైకెక్కి గుర్రం చెంప ఎముకను ఒరుసుకుంది. చెమటకు రెండు రోజుల్లో అక్కడ వెంట్రుకలు ఊడి చర్మం కనిపించింది. ఒక పుండు తప్పించబోయి ఇంకోటి పెట్టానని ఏడ్చాను.

ఏడ్చి ఊరుకోలేదు. మంచానికి అల్లే నూలు నవారు కొన్నాను. గుర్రం ముఖాన్ని తాడుతో కొలిచి, నవారును రెండు మడతలు వేసి మిషన్ మీద కుట్టాను. ముక్కు పట్టీ చెంప ఎముకకు రెండు వేళ్ల కిందుగా ఉండేలా, పట్టీ లోపల రెండు వేళ్లు దూరేలా చూసుకున్నాను.

దాంతోనే చల్లపల్లిలో ఒక పెళ్లికి వెళ్లాం. ముఖాన వేలాడే పూసల కింద ఎవరికీ కనపడదనుకున్నాను. పెళ్లికొడుకు మేనమామ కనిపెట్టాడు.

"కళ్లెం లేదేంటమ్మా? మావాడు పడితే ఎవరిది బాధ్యత?"

"నాదేనండీ."

"అదంతా కుదరదు. కళ్లెం వెయ్యి, లేదా తోలుకెళ్లిపో. డ్యాన్స్ కూడా చేయించాలి."

వెనకే ఉన్న అబ్బా సంచిలోంచి ముళ్ల కళ్లెం తీసి నా చేతిలో పెట్టాడు. నాకు తెలియకుండా తెచ్చాడు. ఈ పని చెడితే ఆ వైపు మమ్మల్ని మళ్లీ ఎవరూ పిలవరు. ఆ సంగతి నాకూ తెలుసు. కళ్లెం తిరిగి సంచిలో పడేశాను.

"డ్యాన్స్ మీరు చెయ్యండి, బ్యాండు ఉందిగా. మా గుర్రం నడుస్తుంది."

పెళ్లికొడుకు నవ్వేసి ఎక్కి కూర్చున్నాడు. వీధి మలుపులో టపాకాయలు పేలాయి. గుర్రం వణికి పక్కకు జరిగింది. దాని మెడకు ఆనుకుని, తాడు వదులుగానే ఉంచి, మాట్లాడుతూ నిలబడ్డాను. కాసేపటికి తల దించి నా భుజం మీద గట్టిగా ఊపిరి వదిలింది. మండపం దాకా నడిచింది.

మర్నాడు అబ్బా, "ఆ కళ్లెం అమ్మేద్దాంలే, అడిగేవాళ్లున్నారు" అన్నాడు. ఓడిపోయానని ఆయన అంతకన్నా వివరంగా చెప్పడు. అయినా నేను అమ్మనివ్వలేదు. అమ్మితే ఇంకో గుర్రం నోట్లోకి పోతుంది. సుత్తి తెచ్చి, ఆయన చూస్తుండగానే గడప రాతి మీద పెట్టి ముళ్లన్నీ వంగిపోయేదాకా కొట్టాను.