కమాన్ మీద నాన్న పేరు

నా ఫిర్యాదును మా ఇంట్లో ఇంతవరకు ఒక్కరూ చెవిన పెట్టలేదు. నిన్న కోరుట్లలో ఒక వీధి కమాన్‌కు, అదే ఆర్చికి, రంగు వేస్తుంటే, ఆ పెయింటు వాసనకు అదంతా మళ్లీ గుర్తొచ్చింది.

కథలాపూర్ దగ్గర మా ఊరి మొదట్లో కొత్త కమాన్ కట్టిన రోజులవి. అప్పటిదాకా నేను చూసిన కమాన్ల మీద చనిపోయినవాళ్ల పేర్లే ఉండేవి. బడి నుంచి వస్తూ తలెత్తితే, పెయింటర్ మా నాన్న పేరు రాస్తున్నాడు. నాన్న దుబాయిలో ఉన్నాడు.

కింద నిలబడ్డ పెదనాన్నను అడిగాను. "పెద్దనాయినా, మా నాయిన సచ్చిపోయిండా?"

ఆయన పెయింటర్ వైపు తిరిగి పగలబడి నవ్వాడు. "ఇన్నవా వీని ముచ్చట! పోరా, ఇంటికి పోయి బువ్వ తిను."

ఇంట్లో బీడీలు చుడుతున్న అమ్మను అడిగాను.

"నీ నోట్ల మన్నువడ! గవేం మాటలురా?" అని చెంప మీద కొట్టింది.

అంటే నిజమేననుకున్నాను. శుక్రవారం నాన్న ఫోన్ వచ్చేదాకా ఆయన చొక్కా పట్టుకునే పడుకున్నాను. కమాన్‌కు చందా ఇచ్చినవాళ్ల పేర్లూ రాస్తారని నాకెవరు చెప్పారు?

అమ్మా, పెదనాన్నా, "మీ నాయిన మంచిగనే ఉన్నడు" అని ఆరోజు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? ఈసారైనా నవ్వకుండా జవాబు చెప్పండి.