మిరప టిక్కీల కింద విరిగిన చెక్క

నా చిన్నప్పుడు, ప్రత్తిపాడు అవతల పత్తి గింజలు తీసే పాత జిన్నింగు మిల్లు విప్పేస్తున్నారన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పక్కింటి అక్క. "పైకప్పు దూలాలు కట్టెల ధరకే ఇచ్చేస్తున్నారంట మామయ్యా! పరిగెత్తండి, రేపటికల్లా పొయ్యిల్లోకి పోతాయి" అంది రొప్పుతూ.

ఆ కబురు దేవుడే పంపాడనుకున్నాడు మా మామయ్య. ఆయిలింజన్లు బాగుచేసే ఆయన మా పెరట్లో ఒక మనిషీ ఒక పిల్లా పట్టే చెక్క విమానం కడుతున్నాడు. ఆ పిల్లను నేనే. పోలియోతో ఒక కాలు చచ్చుబడి బడికి వెళ్ళలేని నాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. టేకు బరువెక్కువ, విమానాలకని అమ్మే విదేశీ కలప మా తాహతుకు మించింది. రెక్కను మోసే పొడుగు చెక్క దొరక్క రెండేళ్ళుగా పని ఆగిపోయింది. "ఒరేయ్, ముందు దొడ్డికి తలుపు పెట్టరా, తర్వాత ఎగురుదువుగాని" అని మా అమ్మ దెప్పేది.

మిల్లులో దూలాలన్నీ సుత్తితో తట్టి, మోత విని, తేలికైన పైన్ దూలం ఒక్కటే తెచ్చాడు. చీల్చి చిత్రిక పట్టాక ఆ చెక్కను నా ఒళ్ళో పెట్టాడు. ఆయనకు దగ్గరి చూపు ఆనదు. చెక్కలో ముడి ఎక్కడైనా ఉందేమో వేళ్ళతో తడిమి చెప్పడం నా పని. అంచున రేగ్గింజంత ముడి తగిలింది. ముడి ఉన్నచోట చెక్క బరువు ఆపదు. చెబితే ఆ చెక్క పోతుంది, దాంతో నా విమానమూ పోతుంది. "ఏం లేదు మామయ్యా" అన్నాను.

రెక్కకు బిగించేముందు బరువు ఆపుతుందో లేదో చూడాలని, చెక్క రెండు కొసలూ దిమ్మల మీద ఆనించి, ఎండు మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు ఒక్కొక్కటే ఎక్కించాడు. ఆ ఘాటుకు అందరం తుమ్ముతూ, ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నాం. మూడో టిక్కీకి చెక్క ఫెళ్ళున విరిగింది, సరిగ్గా ముడి దగ్గరే.

మామయ్య విరిగినచోట బొటనవేలు ఆనించి తడిమాడు. "నీ చేతికి ముందే తెలిసిందా తల్లీ?" అన్నాడు. తలూపాను.

"నేలమీదే విరిగింది. ప్రభువుకు స్తోత్రం" అని, విరిగిన ముక్కలు ఏరి గోడకు ఆనించాడు.

వారం తిరక్కుండా ఆ విరిగిన ముక్కలతోనే నాకు చంకకర్రలు చేయడం మొదలుపెట్టాడు. మళ్ళీ నా ఒళ్ళోనే పెట్టి, ముడి ఉందేమో చూడమన్నాడు. ఒకదానిలో ఉంది. ఏడుస్తూ చెప్పాను. దాన్ని పక్కన పడేసి ఇంకొకటి చీల్చాడు.

రెక్కకు మరో చెక్క దొరకనే లేదు. ఆ ఏడు వానల్లో వచ్చిన జ్వరం మామయ్యను తీసుకుపోయింది. సమాధుల దొడ్డి దాకా ఆ కర్రల మీదే నడిచాను.

అబద్ధం నోటిదాకా వచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా వేలికి ఆ ముడి తగులుతుంది. నన్ను మళ్ళీ నమ్మినందుకు ఆయన కోసం రోజూ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటాను. మీ చేతికి ఎప్పుడైనా చెక్కలో ముడి తగిలితే, ఎగరకుండానే వెళ్ళిపోయిన మా మామయ్యను ఒక్కసారి తలుచుకోండి.