నంబర్ కనపడని ఫోను

మొన్న శనివారం పొద్దున రాత్రి రుబ్బి పులియబెట్టిన ఇడ్లీ పిండి చేత్తో కలుపుతుంటే ఫోన్ మోగింది. చూస్తే తెర మీద నంబర్ లేదు. పిండి చేత్తోనే ఎత్తేశాను. ఎవరో అమ్మాయి, ఇంటికి కొత్త కిటికీలు పెట్టిస్తారా అంది. పాపం ఆ పిల్ల చెప్పాల్సిందంతా చెప్పనిచ్చి, వద్దమ్మా, ఉన్నవి శుభ్రంగా ఉన్నాయని చెప్పి పెట్టేశాను. ఫోనుకంటిన పిండి తుడుచుకుంటుంటే, వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న మా ఆడపడుచు కూతురు నన్ను వింతగా చూసింది. అది విజయవాడ నుంచి దిగి అప్పటికి పది రోజులు. న్యూకాసిల్‌లో ఎమ్మెస్సీ సీటొచ్చింది, క్లాసులు మొదలయ్యేదాకా స్టీవెనేజ్‌లో మా ఇంట్లో ఉంటోంది. "అలాంటి కాల్స్ ఎవరైనా ఎత్తుతారా అత్తయ్యా?" అంది. పక్కన సీరియల్ తింటున్న మా ఎనిమిదేళ్ల అమ్మాయి తల ఎత్తకుండానే, "షీ ఆల్వేస్ డజ్" అని పైకి నిట్టూర్చింది. తెలుగంతా అర్థమవుతుంది మహాతల్లికి, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క రాదు.

మేనకోడలు యూనివర్సిటీ వాళ్ల ఫారాలేవో నింపుతోంది. మధ్యలో సొసైటీల పట్టిక వచ్చింది. చీజ్ తినేవాళ్లకొక సొసైటీ, కొండలెక్కేవాళ్లకొకటి, అల్లికలకొకటి, అట్టడుగున ఎక్కడో తెలుగు సొసైటీ. "దీంట్లో చేరితే ఏంటత్తయ్యా లాభం? సీవీకి పనికొస్తుందా?" అని అడిగింది. డాలస్‌లో ఉన్న మా పిన్నికూతురు కొన్నాళ్లు ఇలాగే చెవులు ఊదరగొట్టింది. వాళ్ల కాలేజీలో గ్రీకు అక్షరాలు రాసి ఉన్న పెద్ద ఇల్లుంటుందట, ఆడపిల్లలందరూ అందులో చేరి ఒట్లు పెట్టుకుని అక్కచెల్లెళ్లయిపోతారట, ఆ పరిచయాలతో జీవితాంతం ఉద్యోగాలొస్తాయట. నేను చదివినచోట మా తెలుగు సొసైటీకి ఇల్లూ లేదు, ఒట్లూ లేవు. స్టూడెంట్స్ యూనియన్ మేడమీద, శనివారం మధ్యాహ్నం రెండు గంటలపాటు ఇచ్చే ఒక గది ఉండేది, అందులో హీటర్ పనిచేసేది కాదు. మేనకోడలు అడిగిన రెండు ప్రశ్నలకీ, అంటే ఆ ఫోన్ ఎందుకెత్తావన్నదానికీ, సొసైటీలో ఏముందన్నదానికీ, నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. ఇడ్లీలు వేస్తూ తీస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇక్కడ కాస్త కుదురుగా చెబుతాను.

పదమూడేళ్ల కిందట బాపట్ల నుంచి షెఫీల్డ్‌కి చదువుకోడానికొచ్చినప్పుడు నా మనసులో ఒకే ఒక్క కోరిక ఉండేది. మనవాళ్లెవరూ కనపడకూడదు. ఇంటినిండా జనంలో పెరిగినదాన్ని. నేను ఏ బట్టలేసుకున్నానో, ఎన్నింటికి లేచానో, ఎవరితో మాట్లాడానో వీధి వీధంతా తెలుసుకునే చోటునుంచి వచ్చినదాన్ని. అంత దూరం విమానమెక్కి వచ్చింది మళ్లీ ఆవకాయ జాడీల మధ్య కూర్చోడానికా? అందుకని కొత్త విద్యార్థులకి పెట్టే ఫ్రెషర్స్ మేళాలో తెలుగు సొసైటీ బల్ల దగ్గరికి రాగానే తల తిప్పుకుని ఫొటోగ్రఫీ బల్ల వైపు నడిచాను. కానీ పులిహోర వాసన తగిలింది. అట్టపెట్టెలో పెట్టుకొచ్చిన పులిహోర, ఇంగువ వేసింది, పల్లీలు మెత్తబడనిది. వారం రోజులుగా బ్రెడ్డు మీద బతుకుతున్నాను. ఒక ప్లేటు తీసుకున్న పాపానికి నా పేరూ, ఫ్లాట్ నంబరూ రాసుకున్నారు. అలా చేరాను సొసైటీలో, సిద్ధాంతాలన్నీ పులిహోరలో కలిపేసి.

ఆ వచ్చే శనివారమే తలుపు తట్టింది మా అక్క. అక్కంటే తోడబుట్టినది కాదు. సొసైటీ ప్రెసిడెంటు. జనగామ మనిషి, పీహెచ్‌డీ రెండో ఏడు, పొట్టిగా, గొంతు మాత్రం క్లాసురూం ఆ చివరిదాకా వినపడేలా ఉండేది. లోపలికొచ్చి కుర్చీ అడక్కుండానే మంచం మీద కూర్చుని, జీపీ సర్జరీలో, అంటే పేటలో ఉండే డాక్టరు క్లినిక్‌లో, రిజిస్టర్ చేసుకునే ఫారం తియ్యమంది. తీశాను. అందులో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అనే గడి దగ్గర వేలు పెట్టి ఆగింది. నేను మా నాన్న మొబైల్ నంబర్ రాశాను, పక్కన చక్కగా బాపట్ల అడ్రసుతో సహా. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ చేసే పనే అదట. "నీకేమన్న అయితే మీ నాయిన బాపట్ల కెల్లి ఉరికొస్తడా?" అని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ సొసైటీలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన ఒక్కొక్కళ్లకీ ఊళ్లో ఉన్న ఒక్కొక్కళ్లని జతచేస్తారు, ఆ గడిలో ఒకరి నంబర్ ఒకరు రాసుకోవాలి. అంతకుముందు అక్క గడిలో ఉన్నమ్మాయి చదువైపోయి మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయింది, దాంతో అక్క గడి ఖాళీ అయింది. నా ఖర్మకొద్దీ అది నాకు తగిలింది. నాన్న నంబర్ కొట్టేసి అక్క నంబర్ రాశాను. పక్కనే రిలేషన్‌షిప్ అని ఇంకో గడి. ఏం రాయాలో తెలియక, ఒళ్లు మండి, సొసైటీ ప్రెసిడెంట్ అని రాసిపారేశాను. అక్క చూసి, సంచిలోంచి తన కాగితం తీసి నింపుకుంది. తన ఫారంలో ఏం రాసుకుందో నేనడగలేదు.

అక్కడినుంచి మొదలైంది పెత్తనం. శనివారం మీటింగుకి రాకపోతే ఎందుకు రాలేదని. వస్తే స్వెట్టర్ ఎందుకేసుకోలేదని. బియ్యం ఏ కొట్లో కొనాలి, ట్రామ్‌లో ఏ స్టాపు దిగాలి, దగ్గొస్తే ఏ రోజు దాకా ఆగి జీపీ దగ్గరికెళ్లాలి, అన్నీ తనే చెప్పేది. వినేదాన్నే కానీ వెనకాల తిట్టుకునేదాన్ని, నా ఫ్లాట్‌మేట్‌తో కలిసి అక్క నడకని అనుకరించి నవ్వేదాన్ని కూడా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజుల్లో విద్యార్థులకి దొంగ ఫోన్లు వస్తుండేవి. ఇమిగ్రేషన్ ఆఫీసునుంచి మాట్లాడుతున్నాం, నీ వీసాలో తప్పుంది, ఇవాళే పంపించేస్తాం అని బెదిరించేవాళ్లు. మా సొసైటీలో ఒకబ్బాయి అలాంటి ఫోనొచ్చి, సూట్‌కేసు సర్దుకుని రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. దాంతో అక్క మీటింగులో నిలబడి శాసనం చేసింది. నంబర్ కనపడని ఫోన్ ఎవ్వరూ ఎత్తొద్దు. ఎత్తినోళ్లు నాకు చెప్పాలె, ఎత్తనోళ్లు గూడ నాకు చెప్పాలె. మాచేత గట్టిగా అనిపించింది కూడా, చిన్న క్లాసు పిల్లలచేత ఎక్కం చెప్పించినట్టు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం. లైబ్రరీలో గ్రూప్ వర్క్ చేస్తున్నాం. పన్నెండింటికి ఫోన్ మోగింది, నంబర్ లేదు. ఎత్తలేదు. ఒంటిగంటకి మళ్లీ. ఎత్తలేదు. రెండున్నరకి మూడోసారి మోగేసరికి నాకు గర్వం లాంటిదొచ్చింది. ఎంత బెదిరిస్తారో బెదిరించండి, నేనా దొరికేది అనుకున్నాను. అక్కకి మెసేజ్ పెట్టాను. దొంగలు మూడుసార్లు చేశారక్కా, ఒక్కసారి కూడా ఎత్తలేదు అని, చివర రెండు నవ్వు బొమ్మలు. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. జవాబు లేదు. మూడు దాటాక బస్ స్టాపులో నిలబడి చూస్తే వాయిస్ మెయిల్ ఒకటుంది. దొంగలు వాయిస్ మెయిల్ కూడా పెడతారా అని, కాలక్షేపానికి విన్నాను. నెమ్మదిగా మాట్లాడే ఒకావిడ గొంతు. హాస్పిటల్ వార్డునుంచి అంది. అక్క పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ముక్కలు చేసి కష్టపడి పలికింది. ఆమె మీ కోసమే అడుగుతోంది, దయచేసి త్వరగా రండి అంది. వచ్చిన బస్సు వదిలేసి, ఆ ఊరి కొండ వీధుల్లో, భుజాన బ్యాగు కొట్టుకుంటుంటే పరుగెత్తాను. ఏడుస్తూ పరుగెత్తాను.

ల్యాబ్‌లో కడుపునొప్పితో పడిపోయిందట. అంబులెన్స్‌లో ఎక్కించారు, ఫోన్ ల్యాబ్ బల్ల మీదే ఉండిపోయింది. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. కానీ అక్క ఒప్పుకుని సంతకం పెట్టడం లేదు. ఎవరైనా మనిషి వచ్చేదాకా పెట్టనని పట్టుబట్టింది. డాక్టరు రెండుసార్లు వచ్చి చెప్పాడు, ఆలస్యమైతే పగులుతుంది, ప్రాణం మీదికొస్తుందని. మూడున్నర గంటలు అలా గోడవైపు తిరిగి పడుకుని ఉంది, ఊళ్లో తెలుగు పిల్లలందరికీ ధైర్యం చెప్పే మనిషి. నేను వార్డు తలుపు తోసుకుని వెళ్లగానే నర్సు ఎదురొచ్చి, "హమ్మయ్య, చెల్లెలు వచ్చింది" అన్నట్టు ఇంగ్లీషులో ఏదో అంది. చెల్లెలేమిటో నాకర్థం కాలేదు. ఆమె చేతిలో, సర్జరీ నుంచి తెప్పించిన అక్క ఫారం చూశాక అర్థమైంది. సెప్టెంబరులో నా మంచం మీద కూర్చుని, నేను సొసైటీ ప్రెసిడెంట్ అని రాసిన రోజే, అక్క నా పేరు పక్కన సిస్టర్ అని రాసుకుంది.

అక్క మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి, "ఫోన్ ఎందుకు లేపలే?" అని అడిగింది. కోపం లేదు గొంతులో, అదే నన్ను ఎక్కువ కోసింది. "నంబర్ కనపడలేదక్కా. నువ్వే గదా ఎత్తొద్దన్నావ్" అన్నాను. ఒక్క క్షణం నా వంక చూసి, నవ్వొచ్చి, కడుపు పట్టుకుంది. "నవ్వియ్యకే, నొస్తది" అంది. తర్వాత నవ్వాగిపోయింది. వాళ్ల నాయిన్ని ఆపరేషన్‌కి తీసుకుపోయినప్పుడు ఇంటివాళ్లెవరూ దగ్గర లేరట, అందరూ దారిలోనే ఉన్నారట, ఆయన మళ్లీ కళ్లు తెరవలేదట. "నన్ను సూసి లోపలికి పంపేటోళ్లు ఒక్కళ్లన్న ఉండాలె గద" అంది. "బయటికొచ్చేదాక ఈడనే ఉంటవా?" ఉంటానన్నాను. మంచినీళ్లకి కూడా లేవనన్నాను. అప్పుడు పెన్ను అడిగి సంతకం పెట్టింది. ఆపరేషన్ గది తలుపులదాకా చెయ్యి పట్టుకుని నడిచాను. బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నా జీవితంలో ఎప్పుడూ మొక్కనంతమంది దేవుళ్లకి మొక్కాను. అక్క లేచాక డాక్టర్లు చెప్పారు, ఇంకో గంట ఆగి ఉంటే కష్టమయ్యేదని. ఆ గంట గురించి ఇప్పటికీ ఆలోచించడం నాకిష్టం ఉండదు.

అక్క ఇంటికొచ్చాక మూడు వారాలు సొసైటీ అంతా రోటా అని వంతుల పట్టిక వేసుకుంది. ఎవరు ఏ పూట చారన్నం పెట్టాలి, ఎవరు బట్టలుతకాలి, ఎవరు ల్యాబ్‌కెళ్లి నోట్సు తేవాలి. ఒకబ్బాయి తన పేరు పక్కన, వంట రాదు, గిన్నెలు తోముతాను అని రాశాడు, మాట మీద నిలబడి అన్నీ తోమాడు. మంచం మీదినుంచే అక్క అందరి మీదా అరిచేది, చారులో ఉప్పు తక్కువైందని, కిటికీ ఎందుకు తెరిచారని. ఆ అరుపు వినపడుతుంటే నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఫోన్ చేతికొచ్చాక నా మెసేజ్ చూసింది. ఇంక చూసుకోండి, ఆ ఏడాది ప్రతి మీటింగులోనూ నవ్వు బొమ్మలతో సహా చదివి వినిపించింది. శాసనం కూడా సవరించింది. నంబర్ కనపడకపోయినా ఎత్తు, ఎవరో విను, వీసా మాటెత్తితే పెట్టెయ్. ఆ సవరణని నేను ఇప్పటికీ పాటిస్తున్నాను. అక్క ఇంటికొచ్చిన వారమే నేను సర్జరీకెళ్లి కొత్త ఫారం అడిగాను. ఏం మారిందని రిసెప్షన్‌లో అడిగారు. అడ్రసు మారలేదు, నంబర్ మారలేదు, ఒక్క గడి మారిందన్నాను.

ఇదంతా విని మేనకోడలు లాప్‌టాప్ మళ్లీ దగ్గరికి లాక్కుంది. చల్లారిన ఇడ్లీ తుంచుతూ కూర్చుంది. దాని ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర నా పేరే ఉంది, అంతకుముందే చూశాను, లోలోపల మురిసిపోయాను కూడా. కానీ ఇక్కణ్నుంచి న్యూకాసిల్‌కి నేను రైలెక్కి వెళ్లేసరికి మూడు గంటలు. మూడు గంటలంటే ఎంతో నాకు తెలుసు. నా పేరు రెండో వరసలో పెట్టుకోమని నేనే చెప్పాను. అన్నాక కాస్త కష్టమనిపించింది, దాచుకోవడమెందుకు. క్రోయిడన్‌లో ఉన్న అక్కకి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, మంచిపని చేసినవ్ అని, వెంటనే ఆ పిల్లకు మంచి కోటు కొనిచ్చినవా లేదా అని తగులుకుంది.

నిన్న సాయంత్రం మేనకోడలు న్యూకాసిల్ నుంచి ఫోన్ చేసింది. చేరిందట సొసైటీలో. కర్నూలు అమ్మాయిని జతచేశారట, ఆ పిల్ల మరీ చాదస్తమట, గది సర్దుకోలేదని మొదటిరోజే క్లాసు పీకిందట. "నంబర్ కనపడకపోయినా ఎత్తుతుందా?" అని అడిగాను. ఎత్తుతానందట, ఇదీ ఎత్తుతానని మాటిచ్చిందట. మరి రిలేషన్‌షిప్ అన్నచోట ఏం రాశావన్నాను. "ఏం రాస్తానత్తయ్యా, నిన్ననే కదా పరిచయం, ఫ్రెండ్ అని రాశాను" అంది విసుగ్గా. సరేలే అన్నాను. ఆ గడిలో ఏం రాయాలో తెలియడానికి నాకు సెప్టెంబరునుంచి ఫిబ్రవరిదాకా పట్టింది, దానికీ పట్టనీ.