పంచనామాలో అరుంధతి

రేగుంట వరిపొలాల నుంచి జెనీవా వెళ్లి, ఐక్యరాజ్యసమితిలో ఇరవయ్యారేళ్లు యుద్ధాలు ఆపే చర్చల్లో కూర్చున్న అరుంధతి, మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచ తహసీలు కార్యాలయంలో తన చావు తానే చదువుకుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండి నేర్చిన మనిషి; పంచనామా మరాఠీలో ఉంది, ఒక్క మాటా తప్పిపోలేదు. జ్వరంతో పోయిందట. ప్రాణహిత ఒడ్డున దహనం చేశారట. కింద ఐదుగురు సాక్షులు. మొదటి సంతకం సొంత అన్న సాంబన్నది, చివరి వేలిముద్ర చిన్ననాటి జతగత్తె మల్లక్కది.

వెంట వచ్చిన సాంబన్న పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే, విచారణకు వచ్చిన పోలీసు ఆమె మరణించిందని రాసి పంపాడు. పన్నెండు రోజుల్లో ఆమె శాంతిదూతగా ఇంకో దేశంలో దిగాలి. అక్కడి రెండు పక్షాలూ ఒప్పుకున్నది ఆమె పేరొక్కటే. ఇలాంటి చర్చల్లో గదిలోకి ముందు ఎవరు రావాలన్న దాని మీదే నాలుగు రోజులు గడుస్తాయి. చావులు మాత్రం ఆ నాలుగు రోజులూ ఆగవు. సరే, ఆ సంగతి అలా ఉంచుదాం.

"ఎందుకు రాసినవన్నా?"

సాంబన్న తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "నీ పేరు తియ్యకపోతే రేషన్ కార్డే రద్దన్నరు. ఏ దుకాణానికి మారిందో రాయమన్నరు. జెనీవల రేషన్ దుకాణం నంబరు నేనేడికెల్లి తేవాలె చెల్లే? లేకుంటే పెండ్లన్నా కావాలె, సావన్నా కావాలె అన్నరు. పెండ్లి నువ్వు చేస్కోకపోతివి."

"అందుకని సంపితివి."

తప్పుడు పంచనామాకు ఐదుగురి మీదా కేసవుతుందని తహసీల్దారు చెప్పాడు. అరుంధతి కాగితం అడిగి, తన వృత్తి నేర్పిన పద్ధతిలో, ఎవరి తప్పూ లేకుండా రాసింది: నమోదులో జరిగిన పొరపాటు వల్ల పేరు మృతుల్లో చేరింది. అలాంటి వాక్యాల కింద సైన్యాలే సంతకాలు పెట్టాయి. తహసీల్దారూ తలూపాడు.

సాంబన్న కాగితాన్ని వెనక్కి నెట్టాడు. "పొరపాటు గాదు సారూ. తెలిసే రాసిన. ఆ నలుగురు నా మాట మీద పెట్టిండ్రు. నా ఒక్కని మీదనే రాయుండ్రి."

ఇన్నేళ్లలో ఏ చర్చలోనూ ఒక్కడూ ఇలా అనలేదు.

గుమాస్తా కొత్త అర్జీ రాసి ఆమె ముందు పెట్టాడు. బతికున్నట్టు తేలాలంటే, అన్న మీద ఫిర్యాదుకు ఆమే సంతకం చేయాలి. ఫ్యాను గాలికి కాగితం లేస్తోంది. సాంబన్న దాని అంచును బొటనవేలితో నొక్కిపట్టాడు.

"పెట్టు. ఆ దేశంల మనుషులు సస్తున్నరంటివి గదా."

అరుంధతి సంతకం పెట్టింది. చివరి అక్షరం ఆమెకే ఆనవాలు తెలియనంతగా వంకరపోయింది.